చింతపండు పెట్టి తోమిన ఇనపటోపీ

ముందే చెప్పేస్తున్నాను, మురికి చూస్తే నేను మనిషిని కాను. మా అమ్మా అంతే, మా అమ్మమ్మా అంతే. గుడివాడ దగ్గర మా ఊళ్లో డిసెంబరు మొదటి ఆదివారం చర్చి నుంచి రాగానే అటక మీది సామాను మొత్తం పెరట్లోకి దిగేది. ఇత్తడి, కంచు, రాగి, ఇనుము, ఏదైనా సరే చింతపండూ బూడిదా పెట్టి తోమాల్సిందే. తోమని గిన్నె ఒక్కటి మిగిలినా యేసుప్రభువు గడప దగ్గరే ఆగిపోతాడన్నంత హడావిడి చేసేది అమ్మ. ఆ రోగం నాతోపాటే విమానం ఎక్కి మెల్‌బోర్న్ వచ్చింది.

మేము వచ్చింది ఎనభై ఎనిమిదిలో. నగరానికి పడమట, వెరిబీ పోయే దారిలో, ఒక ముసలాయన పెరట్లో ఉన్న రెండు గదుల ఇంట్లో అద్దెకి దిగాం. ఇప్పుడు పాయింట్ కుక్‌లో వీధికి పది ఇళ్లు మనవాళ్లవే, ఉగాదికి హాలు దొరకదు. అప్పుడు అటు చూస్తే క్యాబేజీ తోటలు, గాలికి పడుకున్న గడ్డి, అంతే. తెలుగు మాట చెవిన పడాలంటే నెలకోసారి గంటసేపు కారులో పోవాలి. మా ఆయన కార్ల ఫ్యాక్టరీలో షిఫ్టులు చేసేవారు. నేను పొద్దున పూట వృద్ధుల హోం వంటింట్లో పనిచేసి మధ్యాహ్నానికి ఇల్లు చేరేదాన్ని. ఆ తర్వాత మాట్లాడదామంటే నాకు దొరికే ఒకే ఒక్క మనిషి మా ఇంటి ఓనరు.

ఆయన జర్మనీ మనిషి. పందొమ్మిదివందల యాభైల్లో ఓడెక్కి వచ్చి, ట్రాముల వర్క్‌షాపులో రేకులు సాగగొట్టే పనిచేసి రిటైరయ్యారు. భార్య పోయి చాలా ఏళ్లయింది, పిల్లలు లేరు. డెబ్బై దాటిన మనిషిని పేరు పెట్టి పిలవడం నావల్ల కాక అంకుల్ అన్నాను, అదే ఖాయమైపోయింది. ఆయన మాట్లాడింది ఇంగ్లీషే అయినా ఆ మాటలు నాకు తెలుగులోనే గుర్తున్నాయి, అలాగే రాస్తాను. ఆయనకు నా పెసరట్టు అంటే ప్రాణం, పచ్చ ప్యాన్‌కేక్ అనేవారు. నాకు ఆయన మట్టి బూట్లంటే మంట. బట్టలుతికే గది ఇద్దరికీ ఒకటే కావడంతో, నేను తుడిచిన నేల మీద ఆ బూట్లతో టకటకా నడిచి పోయేవారు. నేను తెలుగులో తిట్టేదాన్ని, ఆయన జర్మన్‌లో గొణిగేవారు. ఇద్దరికీ కడుపు చల్లబడేది.

పెరటి చివర రేకుల షెడ్డు ఒకటి ఉండేది. దాంట్లో ఒక గోడ నిండా చెక్క అరలు, అరల్లో తొమ్మిది ఇనప హెల్మెట్లు. మొదటిసారి చూసినప్పుడు, ఎవరింట్లో దిగామురా దేవుడా అనుకుని, దాచుకోవడం చేతగాని నోరు కాబట్టి, ఇవి హిట్లర్ వాళ్లవా అని మొహం మీదే అడిగేశాను. ఆయనకు కోపం రాలేదు. స్టూలు లాగి కూర్చోమన్నారు. ఇవి అంతకుముందువి, వీటి సంగతి ఎవరికీ పెద్దగా పట్టదు, దొరకడం కూడా కష్టమే అన్నారు.

ఆయన చెప్పగా నాకు అర్థమైంది ఇది. మొదటి ప్రపంచ యుద్ధంలో జర్మనీ ఓడిపోయి సైనికులు ఇళ్లకు తిరిగొచ్చారు. రాజు దేశం వదిలి పోయాడు. పని లేదు, తిండి లేదు. తుపాకీ పట్టడం తప్ప ఇంకో పని రాని కుర్రాళ్లూ, కోపం చల్లారని ఆఫీసర్లూ కలిసి ఎక్కడికక్కడ దళాలు కట్టారు. సర్కారు సైన్యం కాదు, అలాగని సర్కారు వద్దన్నదీ కాదు. యుద్ధంలో పెట్టుకున్న హెల్మెట్లే వాళ్లకూ దిక్కు. ఎవరు ఏ దళమో తెలియాలి కదా, అందుకని ఎవరి గుర్తు వాళ్లు రంగుతో వేసుకున్నారు. పుర్రె ఒకరిది, లంగరు ఒకరిది, తెల్ల పట్టీ ఒకరిది. కొన్నాళ్లకు దళాలు రద్దయ్యాయి. హెల్మెట్లు మాత్రం ఎక్కడికి పోతాయి? పోలీసుల చేతికి పోయి ఆకుపచ్చ రంగు పూయించుకున్నాయి. మాజీ సైనికుల సంఘాల ఊరేగింపుల్లో బూడిదరంగు, నిప్పులార్పే వాళ్ల దగ్గర నల్లరంగు. అలా ఒక్కో దాని మీద నాలుగేసి పొరలు పడి, అడుగున ఉన్న దళం గుర్తు కనపడకుండా పోయింది. ఎక్కడైనా చెరగకుండా మిగిలితే అదే అపురూపం.

అంచు దగ్గర గోరంత పెచ్చు ఊడినచోట భూతద్దం పెట్టి, ఏ పొర కింద ఏ పొర ఉందో చూడడం ఆయనకు సాయంకాలపు కాలక్షేపం. గోకరు, కడగరు. మెత్తటి బ్రష్షుతో దుమ్ము దులుపుతారంతే. ఆ తుప్పు చూస్తే నాకు ఒంటి మీద జెర్రులు పాకినట్టుండేది. ఒక్కసారి ఇవ్వండి అంకుల్, అద్దంలా చేసి ఇస్తాను అని ఎన్నిసార్లు అడిగానో. ఆయన నవ్వి, నీ గిన్నెలు నువ్వు చూసుకో తల్లీ అనేవారు. 

ఒక హెల్మెట్ గుర్తు ఎప్పుడూ గోడవైపు తిరిగి ఉండేది. ఒకరోజు చనువు తీసుకుని తిప్పి చూశాను. స్వస్తిక్. హిట్లర్ పార్టీ పేరు ఇంకా ఎవరికీ తెలియని రోజుల్లోనే ఒక దళం వాళ్లు వేసుకున్నారట. మా ఊళ్లో కొట్లలో గల్లాపెట్టెల మీద దీన్ని పసుపుతో వేస్తారు, శుభానికి గుర్తు అన్నాను. ఆయన ఆశ్చర్యంగా విని, మీ ఊళ్లో దాని బతుకు బాగుంది అని, మళ్లీ గోడవైపు తిప్పేశారు.

ఆ రోజే అడిగాను, ఇన్ని ఎందుకు పోగేశారని. వాళ్ల నాన్న అలాంటి దళంలోనే ఉండేవాడట. ఈయనకు నాలుగేళ్లప్పుడు ఇంటి నుంచి వెళ్లాడు, తిరిగి రాలేదు. ఎక్కడ పోయాడో, ఎలా పోయాడో వాళ్లమ్మ ఎప్పుడూ చెప్పలేదు. ఆ దళాలు సొంత దేశపు కూలీల మీద తుపాకులు పేల్చాయి, నాన్న పేల్చాడో లేదో నాకు తెలియదు, అడగడానికి ఎవరూ మిగల్లేదు అన్నారు. నేను టీ పెట్టిచ్చి వచ్చేశాను.

బెర్లిన్ గోడ పడిన మరుసటి ఏడు, మనకి ఇక్కడ చలి తగ్గుతున్న రోజుల్లో, ఆయనకు ఒక పార్సెల్ వచ్చింది. విప్పుతుంటే పక్కనే ఉన్నాను. అదీ హెల్మెట్టే, కానీ మిగతా తొమ్మిదింటికీ దీనికీ పోలికే లేదు. లోపలా బయటా సున్నం కొట్టి ఉంది. సున్నం మీద కోళ్ల రెట్టలు, ఎండిపోయి రాయిలా అయ్యాయి. లోపలి తోలు ఎలుకలు తినేశాయి. అబ్బ, ఆ కంపు ఇప్పటికీ నా ముక్కులో ఉంది. ఎవరో బంధువు కోళ్లగూడు పడగొడుతుంటే దొరికిందట, కోళ్లకు నీళ్లు పోసే చట్టిలా వాడారట. ఇలాంటి చెత్తకి స్టాంపులు కూడానా అని నేను మనసులో విసుక్కున్నాను.

ఆయన దాన్ని షెడ్డులోకి తీసుకుపోలేదు. బట్టలుతికే గదిలో, తొట్టి పైన అరలో, న్యూస్‌పేపరు పరిచి పెట్టారు. ఆయనకు రెండేళ్లుగా కళ్లలో శుక్లాలు. డాక్టరు ఆపరేషన్ అంటే రేపు చూద్దాం, మాపు చూద్దాం అంటూ వాయిదా వేసుకొస్తున్న మనిషి, ఆ పార్సెల్ వచ్చిన వారంలోనే పేరు రాయించుకున్నారు.

"కళ్లు బాగయ్యాక దీన్ని శుభ్రం చేయాలి. ఈ కళ్లతో కాదు," అన్నారు నాతో.

నాకు వినపడింది ఒక్కటే, శుభ్రం చేయాలి.

డిసెంబరు రెండో వారంలో ఆయన ఆసుపత్రికి వెళ్లారు. ఆపరేషన్ తర్వాత మూడు రోజులు పాత స్నేహితుడి ఇంట్లో ఉండి శనివారం వస్తానన్నారు. బయట చూస్తే మాడిపోయే ఎండ. క్రిస్మస్ ముందు తోముడు రోజులు. నా గిన్నెలన్నీ అయిపోయాయి, చేతులు ఊరుకోవడం లేదు. తలెత్తితే అర మీద ఆ కోళ్ల చట్టి. పాపం, కళ్ల ఆపరేషన్ చేయించుకుని వచ్చిన ముసలాయన వంగి కూర్చుని దీన్ని గోక్కోవాలా, నేనుండగా? వచ్చేసరికి తళతళలాడుతూ బల్ల మీద ఉంటే ఎంత సంతోషిస్తాడో. మా నాన్నకైనా అంతే చేసేదాన్ని.

ఫుట్‌స్క్రేలో వియత్నాం వాళ్ల కొట్లో కొన్న చింతపండు ఒక ముద్ద నానబెట్టాను. పెరట్లో మాంసం కాల్చుకునే బార్బీ పొయ్యి కింది నుంచి బూడిద తీసి జల్లించాను. కొబ్బరి పీచు అమ్మ పంపిందే ఉంది. చింతపండు రసం పడగానే సున్నం బుసబుసా పొంగింది. రెట్టలు కరిగి, సున్నం కరిగి, దాని కింద బూడిదరంగు బయటపడింది. అన్నేళ్లు సున్నం కింద మగ్గిన రంగు కాబట్టి దానికీ పట్టు లేదు, పీచుతో రుద్దితే పెచ్చులు పెచ్చులుగా లేచొచ్చేస్తోంది. నాకైతే పండగే.

ఎడమవైపు ఒకచోట తెల్లగా ఏదో కనబడింది. అరచేతిలో సగం ఉంటుంది. అంచులు వంకీలు వంకీలుగా, ఆకులాగ. కింద కాడ, ఆ కాడ తిన్నగా దిగి చివర ఠక్కున పక్కకి తిరిగి ఉంది, వంకాయ తొడిమలా. చూశాను, బాగా చూశాను. సున్నం మొండికేసిందిరా అనుకుని, ఇంకొంచెం బూడిద అద్ది, బలం పట్టి రుద్దాను. పోయింది.

ఆరబెట్టి, కొబ్బరినూనె చుక్క రాసి, అంకుల్ వంటింటి బల్ల మీద నేను కుట్టిన గుడ్డ పరిచి దాని మీద పెట్టాను. వెండి గిన్నెలా మెరిసిపోతోంది. 

మా ఆయన షిఫ్టు నుంచి రాగానే చెయ్యి పట్టుకుని తీసుకెళ్లి చూపించాను. నీ చింతపండుకి దొరికితే హార్బర్ బ్రిడ్జిని కూడా వదలవు అని ఎప్పుడూ ఏడిపించే మనిషి, ఆ రోజు మొహం పాలిపోయి నిలబడ్డారు.

"ఏం చేశావే? అది వాళ్ల సొంత ఇంటి కోళ్లగూట్లో దొరికింది. వాళ్ల నాన్నదే అయ్యుంటుందని ఆయన హోప్. సున్నం కింద గుర్తు ఉందో లేదో చూసుకోవడానికే కదా ఆపరేషన్‌కి వెళ్లింది," అన్నారు.

మీకు తెలిసి నాకెందుకు చెప్పలేదని అరిచాను. నీకు చెబితే ఆదివారం కల్లా చర్చి మొత్తానికి తెలుస్తుంది, ఆయన ఎవరికీ చెప్పొద్దన్నాడు అన్నారు. అదీ నిజమే. చేతులు కాలాక ఆకులు పట్టుకుని ఏం లాభం? ఆ రోజంతా ఇద్దరం పోట్లాడుకున్నాం. మర్నాడు నేను ఏడుస్తూ కూర్చున్నాను. తిండి సయించలేదు. ఆ తెల్లటి ఆకు కళ్లు మూసినా కనపడుతోంది, తెరిచినా కనపడుతోంది. ఎవరి కళ్లకు కనపడాలో ఆయనకే ఇక కనపడదు.

శుక్రవారం మా ఆయన మెత్తబడి ఒక దారి చెప్పారు. సున్నం కింద ఏమీ లేదని చెప్పెయ్, వట్టి ఇనుమే ఉందని చెప్పెయ్, ఆయన ఇంకోటి ఏదో వెతుక్కుంటాడు, నీ మీద కోపమూ ఉండదు. నిజం చెప్పొద్దూ, నాకూ ఆ మాట తియ్యగానే తోచింది. ఎలా చెప్పాలో అద్దం ముందు రెండుసార్లు అనుకుని కూడా చూసుకున్నాను.

శనివారం పదకొండింటికి స్నేహితుడి కారు వచ్చి ఆయన్ని దించి వెళ్లింది. కుడి కన్ను మీద ప్లాస్టిక్ మూత. గుమ్మంలో అడుగుపెట్టి బల్లవైపు చూసి ఆగిపోయారు. మెల్లగా వచ్చి దాన్ని రెండు చేతుల్లోకి తీసుకున్నారు. ఎడమవైపు బొటనవేలితో తడిమారు. లోపల అంచు మీద గుద్దిన నంబరు చూశారు. మళ్లీ ఎడమవైపే తడిమారు. నేను పొయ్యి దగ్గర కొంగు నలుపుకుంటూ నిలబడ్డాను. మా ఆయన తలుపు దగ్గర నిలబడి నా వంకే చూస్తున్నారు.

"సున్నం కింద ఏమైనా ఉందా?" అని అడిగారు అంకుల్.

అనుకున్న అబద్ధం గొంతు దాకా వచ్చింది. కానీ ఆ కంటి మూత చూస్తూ ఎలా చెప్పను? 

"ఉంది అంకుల్. తెల్లటి ఆకు. మురికనుకుని నేనే తోమేశాను," అన్నాను.

ఆయన హెల్మెట్ బల్ల మీద పెట్టి పెరట్లోకి వెళ్లిపోయారు. నిమ్మచెట్టు దగ్గర మాకు వీపు పెట్టి నిలబడ్డారు. తిట్టినా బాగుండేది. తిట్టడం తెలిసినదాన్ని కాబట్టి పడడం కూడా తెలుసు నాకు. ఆ నిలబడడం మాత్రం చూడలేకపోయాను. కెటిల్‌లో నీళ్లు కాగి, చల్లారి, మళ్లీ కాచాను. మా ఆయన వెళ్లి పలకరిద్దామంటే వద్దన్నాను.

తిరిగొచ్చేటప్పుడు షెడ్డులోకి వెళ్లి, రేకుల మీద గీతలు పెట్టుకునే సుద్దముక్క తెచ్చారు. హెల్మెట్ నా ముందుకు జరిపారు.

"నువ్వు చూసింది చూసినట్టు గియ్యి."

మా ఇంట్లో రోజూ ముగ్గు వేసే అలవాటు లేకపోయినా, క్రిస్మస్‌కి వాకిట్లో నక్షత్రాలూ తీగలూ గీసేది నేనే. గీత నాకు కొత్త కాదు. ఎడమవైపు, సరిగ్గా ఎక్కడ రుద్దానో అక్కడ మొదలుపెట్టాను. వంకీలు ఒక పక్క నాలుగు, ఇంకో పక్క మూడు. మధ్యలో ఈనె. కింద కాడ తిన్నగా దింపి, చివర ఠక్కున పక్కకి లాగాను.

ఆయన నా చెయ్యి పట్టుకుని ఆపారు. అక్కడ చెయ్యి జారిందా అని అడిగారు. జారలేదు అంకుల్, అక్కడ అలాగే ఉంది, నాకు బాగా గుర్తుంది అన్నాను. ఒట్టేనా అన్నట్టు నా మొహంలోకి చూశారు. ఆ తర్వాత కుర్చీ వెతుక్కుని కూర్చుండిపోయారు. మూత లేని కంటి వెంట నీళ్లు కారిపోతున్నాయి, తుడుచుకోవడం లేదు. ఆపరేషన్ కన్ను తడవకూడదన్నారు కదా అంకుల్ అని నేనే కొంగుతో అద్దాను.

ఆ తర్వాత చెప్పారు. వాళ్ల వంటింటి బల్ల. దీపం. నాన్న ఒళ్లో ఈ హెల్మెట్ పెట్టుకుని సన్నటి కుంచెతో ఓక్ ఆకు వేస్తున్నాడు. అది వాళ్ల దళం గుర్తు. నాలుగేళ్ల పిల్లవాడు చూద్దామని చంక కిందినుంచి దూరాడు. మోచెయ్యి తగిలి కుంచె పక్కకి జారింది. అమ్మ కొట్టడానికి చెయ్యెత్తింది. నాన్న మాత్రం పెద్దగా నవ్వి, ఉండనీ, దీన్నిబట్టి నాది నాకు తెలుస్తుంది అన్నాడు. వాళ్ల నాన్న గురించి ఆయనకు గుర్తున్నది అదొక్కటే. ఆ గొంతు, ఆ నవ్వు. మిగతా ఏదీ లేదు.

"ఆ వంకర సంగతి నేను ఎవరికీ చెప్పలేదు. నా భార్యకి కూడా. నేనే కలగని కల్పించుకున్నానేమో అని భయం," అన్నారు.

హెల్మెట్ ఇంటికి ఎవరు తెచ్చారో, ఎప్పుడు తెచ్చారో, అది ఆయనకు ఇక తెలిసే దారి లేదు. కానీ వచ్చింది. అమ్మ దాన్ని పారేయలేక, కళ్ల ముందు ఉంచుకోలేక, సున్నం కొట్టి కోళ్లకు ఇచ్చేసిందన్నమాట అని ఆయనే నెమ్మదిగా కూడబలుక్కున్నారు. నాన్న మంచివాడో కాదో ఈ ఆకు చెప్పదు అని కూడా అన్నారు. నేను అప్పటికి వెక్కివెక్కి ఏడుస్తున్నాను. మీరు చూడాల్సింది నేను చెరిపేశాను, నన్ను క్షమించండి అన్నాను. ఆయన నా చేతిలోంచి సుద్ద తీసుకుని బల్ల మీద పెట్టారు. నేను గోకి ఉంటే మెల్లగా, ఒక మూల నుంచి గోకేవాడినే, అప్పుడూ రంగు సున్నంతోనే ఊడొచ్చేదేమో ఎవరికి తెలుసు అన్నారు. అది నన్ను ఊరడించడానికి అన్న మాటేనని నాకు తెలుసు. రంగులూ రేకులూ ఆయనకు తెలియనివి కావు.

క్రిస్మస్ మర్నాడు మధ్యాహ్నం మమ్మల్ని ఇద్దరినీ షెడ్డులోకి పిలిచారు. కంటి మూత తీసేశారు. హెల్మెట్‌కి తనే బూడిదరంగు వేసి ఆరబెట్టి ఉంచారు. సేకరించేవాళ్లు ఎవరైనా చూస్తే తల బాదుకుంటారు, పోనీ అన్నారు. నా చేతికి సన్నటి కుంచె, తెల్లరంగు ఇచ్చి, ఆకు నువ్వే వెయ్యాలన్నారు. 

వేశాను. వంకీలు నాలుగు, మూడు. ఈనె. ఆయన కొత్త కంటితో, ఊపిరి నా చెవికి తగిలేంత దగ్గరగా వంగి చూస్తున్నారు. కాడ దగ్గరికి వచ్చాను. ఎంత జాగ్రత్తగా వేస్తున్నానంటే, గీత గీసినట్టు తిన్నగా దిగిపోతోంది. అంతలో నా చంక పక్కనుంచి ఒక మోచెయ్యి వచ్చి నా చేతికి తగిలింది. కుంచె పక్కకి జారింది. చీర మీద తెల్లరంగు చింది పడింది, అదీ క్రిస్మస్‌కి కొన్న కొత్త చీర. తిరిగి చూస్తే డెబ్బై అయిదేళ్ల మనిషి తప్పు చేసిన పిల్లవాడిలా నిలబడి ఉన్నారు.

"నాన్న తిట్టలేదు," అన్నారు.

నేనూ తిట్టలేదు.